సంగీతమే మంత్రమైన నవలలో పోటీ ప్రేమగా ఎలా మారాలి?

ప్రశ్న (సాగరతీరం, విశాఖపట్నం)

పదిహేను, పదహారేళ్ల పాఠకుల కోసం నేనొక నవల రాస్తున్నాను. సంగీతం మంత్రంగా పనిచేసే ఒక కోట ఊరు అందులోని రంగస్థలం. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా ఉన్న విజయనగరం సంగీత కళాశాలను మనసులో పెట్టుకుని ఆ ఊరిని ఊహించుకున్నాను. అక్కడ వీణ నేర్చుకునే అమ్మాయికీ, వయొలిన్ నేర్చుకునే అబ్బాయికీ మొదటి రోజు నుంచే పోటీ మొదలవుతుంది. చివరకు వారిద్దరూ ఒకరినొకరు ప్రేమించాలి.

నాకు రెండు చోట్ల కథ నిలబడటం లేదు. ఒకటి, నా మంత్రానికి హద్దు లేదు. పాడితే వాన కురుస్తుంది, మీటితే దీపం వెలుగుతుంది, కానీ ఎందుకు కురిసిందో, ఎందుకు వెలిగిందో నేనే చెప్పలేకపోతున్నాను. రెండవది, ఏడు అధ్యాయాలు కలహించుకున్న వాళ్లు ఎనిమిదవ అధ్యాయంలో ఒక ప్రమాదం నుంచి బయటపడగానే ప్రేమలో పడిపోతున్నారు. పదవ తరగతి చదివే మా పిన్ని కూతురు అది చదివి, "అక్కా, ఈ ప్రేమ ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. సంగీతం తెలిసినవారూ, కథలు బాగా చదివినవారూ దారి చూపాలని కోరుతున్నాను.

జవాబు 1 (మంద్రస్థాయి)

నేను చాలా ఏళ్లుగా వీణ నేర్పుతున్నాను. మీ రెండు చిక్కులకూ మూలం ఒకటేనని నాకు అనిపిస్తోంది. మంత్రాన్ని మీరు సంగీతానికి బయటి నుంచి తెచ్చి అతికిస్తున్నారు. మన సంగీత శాస్త్రంలోనే దానికి కావలసిన నియమాలు ఉన్నాయి.

స్వరాల మధ్య సంబంధాలకు మన పెద్దలు పెట్టిన పేర్లే చూడండి: వాది (ప్రధాన స్వరం), సంవాది (దానితో చక్కగా పొసగేది), అనువాది (తోడు నడిచేది), వివాది (పొసగనిది). ఇవి మాటకు మాట బదులిచ్చే మనుషుల పేర్లలా ఉన్నాయి. మిగతా రాగాలన్నిటికీ మూలమైన 72 మేళకర్త రాగాలలో 40 వివాది మేళాలే, అంటే వివాది స్వరాలున్నవే. పక్కపక్కన ఇరుకుగా నిలిచిన రెండు స్వరాల రాపిడి వాటిలో వినిపిస్తుంది కనుక చాలామంది వాటికి జంకుతారు. అయినా త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్నాలలో నాట, వరాళి రెండూ వివాది రాగాలే. నాట రాగం ఆరోహణలో (స్వరాలు పైకి ఎక్కే వరుసలో) షట్‌శ్రుతి రిషభం (రి), అంతర గాంధారం (గ) భుజం భుజం రాసుకుంటూ నిలబడతాయి. కిందికి దిగే వరుసైన అవరోహణకు వచ్చేసరికి గాంధారం తప్పుకుని రిషభానికి చోటిస్తుంది. ఆ చోటు దొరికాకనే నాటలో రిషభం అందం ఏమిటో చెవికి తెలుస్తుంది. మీ ఎనిమిదవ అధ్యాయంలో ప్రమాదానికి బదులు ఇది జరగాలి. ఇద్దరిలో ఒకరు, ఎవరూ అడగకుండా, కచేరీ మధ్యలో ఒక్క వరుస పాటు తప్పుకోవాలి.

ఇక వాద్యాల సంగతి. వీణకు ఇరవైనాలుగు మెట్లు మైనంలో పొదిగి ఉంటాయి. స్వరస్థానం కంటికి కనిపిస్తుంది కానీ తీగెను లాగితే తప్ప గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలకదు. వయొలిన్‌కు మెట్లే లేవు, వేలు ఎక్కడ ఆగాలో చెవి ఒక్కటే చెప్పాలి. కనుక ఆమెకు అతని స్వేచ్ఛ మీద, అతనికి ఆమె నిలకడ మీద అసూయ కలగడం సహజం. ఆ అసూయను మొదటి అధ్యాయంలోనే నాటితే ప్రేమ ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. అవతలివారి వేళ్లను అంత శ్రద్ధగా గమనించేది ప్రత్యర్థి మాత్రమే కదా.

గ్రహభేదం, అంటే అవే స్వరాలను ఉంచి ఆధార స్వరమైన షడ్జమాన్ని (స) మార్చడం, కూడా మీకు పనికొస్తుంది. మోహన స్వరాలనే ఉంచి గాంధారాన్ని షడ్జమంగా భావిస్తే హిందోళం అవుతుంది, రిషభాన్ని షడ్జమం చేస్తే మధ్యమావతి అవుతుంది. గోడకు అటూ ఇటూ కూర్చుని వేర్వేరు శ్రుతులు పెట్టుకున్న ఇద్దరిలో ఒకరు మోహన వాయిస్తున్నామనీ, మరొకరు హిందోళం వాయిస్తున్నామనీ అనుకుంటూ, నిజానికి అవే స్వరాలు పలికించే సన్నివేశం రాయవచ్చు.

జవాబు 2 (ప్రబంధప్రియ)

మంద్రస్థాయి గారి మాటకు సాహిత్యం వైపు నుంచి కొంత చేర్చాలనిపించింది. సంగీతం, అసూయ, మాయ, ప్రేమ కలిసిన కథ మనకు కొత్త కాదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయంలో నారదుడు గంధర్వ గాయకుడైన తుంబురుడి గానాన్ని చూసి ఓర్వలేక, అతడిని మించాలన్న పట్టుదలతో ద్వారకకు వచ్చి శ్రీకృష్ణుని భార్యల దగ్గర సంగీతం నేర్చుకుంటాడు. ఆ విద్యను అతని శిష్యుడు మణికంధరుడు, ద్వారకలోని కలభాషిణి కూడా అభ్యసిస్తారు. ఆ జన్మలో కలభాషిణి మనసు కుబేరుడి కొడుకు నలకూబరుడి మీద ఉంటుంది. ఒకరి రూపాన్ని మరొకరు ధరించే మాయలన్నీ గడిచాక, మరుజన్మలో మణికంధరుడు కళాపూర్ణుడిగా, కలభాషిణి మధురలాలసగా పుట్టి దంపతులవుతారు. ఒకే గురుకులంలో పక్కపక్కన కూర్చుని సాధన చేసిన ఇద్దరు ఒకరినొకరు చూసుకోవడానికి ఒక జన్మంతా పట్టిందన్న ఊహ నన్ను ఎన్నిసార్లు చదివినా కదిలిస్తుంది.

మంత్రానికి హద్దు కావాలంటే అద్భుత రామాయణం చూడండి. అందులో నారదుడు తుంబురుడిని జయించాలని బయలుదేరి, అతని ఇంటి దగ్గర అవయవాలు దెబ్బతిన్న స్త్రీపురుషులను చూస్తాడు. తాము రాగాలమనీ, నారదుడి గానం వల్లే తమకీ గతి పట్టిందనీ, తుంబురుడి గానమే తమను బాగుచేస్తుందనీ వారు చెబుతారు. అపస్వరానికి ఎవరో ఒకరు గాయపడతారన్న నియమం ఒక్కటి పెట్టుకుంటే మీ నవలలో ప్రతి పోటీకీ బరువు వస్తుంది. తంజావూరులో తోడి సీతారామయ్య అనే విద్వాంసుడు అప్పు కోసం తోడి రాగాన్నే తాకట్టు పెట్టాడని కథ చెప్పుకుంటారు. తాకట్టులో ఉన్న రాగాన్ని పాడకూడదు కదా! మంత్రానికి చెల్లించే మూల్యం మీ ఊరిలో అలా ఉండవచ్చు.

జవాబు 3 (బడిపుస్తకం)

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ప్రబంధప్రియ గారు చెప్పింది ఎంతో అందంగా ఉంది, కానీ పదిహేనేళ్ల పాఠకులు మరుజన్మ దాకా ఆగరు. వాళ్లు పట్టుకునేది న్యాయాన్ని. బొబ్బిలి కేశవయ్య అనే విద్వాంసుడు తంజావూరు వెళ్లి సింహనందన అనే క్లిష్టమైన తాళంతో సవాలు చేస్తే, వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి గారు కామాక్షి అమ్మవారిని వేడుకుని శరభనందన తాళంతో గెలిచారన్న కథను ఒకసారి తరగతిలో చెప్పాను. శ్యామశాస్త్రి గారి గొప్పతనం గురించి అడుగుతారనుకుంటే, ఓడిపోయిన కేశవయ్య తిరిగి ఊరికి ఎలా వెళ్లాడని ఒక అమ్మాయి అడిగింది. ఆ రోజు నుంచి ఆ కథను నేను మునుపటిలా చెప్పలేకపోతున్నాను.

కనుక నా మనవి ఏమిటంటే, ప్రేమ కోసం ఆ అమ్మాయిని ఓడించవద్దు. అబ్బాయి మీద ఇష్టం కలిగింది కాబట్టి కావాలని తప్పు వాయించి అతడిని గెలిపించిందని రాస్తే మా పిల్లలు పుస్తకం మూసేస్తారు. అలాగే మొదటి ఏడు అధ్యాయాలలో అతను నలుగురిలో ఆమెను చులకన చేసి ఉంటే, ఆ నలుగురి ముందే క్షమాపణ అడగాలి. చీకట్లో, ఒంటరిగా అడిగితే సరిపోదు.

సాగరతీరం

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ రాత్రే ఎనిమిదవ అధ్యాయాన్ని పక్కన పెట్టేశాను. కొత్తగా ఇలా అనుకుంటున్నాను: కోటలో జరిగే పోటీలో ఇద్దరికీ నాట రాగమే వస్తుంది. అంతకు ముందు అధ్యాయంలో అతని అపస్వరం వల్ల గాయపడిన రాగం ఒకటి మనిషి రూపంలో సభలో కూర్చుని ఉంటుంది. దాన్ని బాగుచేయాలంటే రెండు వాద్యాలూ కలవాలి. అవరోహణలో తప్పుకునేది అతనే. ఆమె రిషభం ఒంటరిగా మోగినప్పుడు, ఇన్నాళ్లూ తాను దాన్ని కప్పేస్తూ వచ్చానని సభ ముందే ఒప్పుకుంటాడు. ఆమె మాత్రం అప్పుడే ఏమీ చెప్పదు, వీణ తీసుకుని ఇంటికి వెళ్లిపోతుంది. ఆమె జవాబు చెప్పడానికి ఇంకా మూడు అధ్యాయాలు పడతాయి.

మంద్రస్థాయి గారికి ఒక ప్రశ్న. నాలుగవ అధ్యాయంలో వానాకాలపు రాత్రి చలికి ఆమె వీణ మైనం మెత్తబడి మెట్లు కదిలిపోయాయని రాశాను. అది సరైనదేనా?

మంద్రస్థాయి

సరికాదు. మైనం మెత్తబడేది వేడికి. ఆ సన్నివేశాన్ని వైశాఖ మాసపు మధ్యాహ్నానికి మార్చండి. ఎండ తగిలే కిటికీ పక్కన వీణను వదిలేసి వెళ్లినట్లు రాయండి. మెట్లు కదిలాక మళ్లీ మేళం కట్టేవరకు (మెట్లను సరైన చోట మైనంలో అమర్చేవరకు) ఆమె ఆ వీణ మీద సాధన చేయజాలదు. ఆ రోజుల్లో మెట్లే లేని అతని వయొలిన్‌ను ఆమె గోడ అవతలి నుంచి వింటుంది. మోహన, హిందోళం సన్నివేశం అక్కడికి బాగా ఒదుగుతుంది.