మార్స్‌డెన్‌ను రైతుగా గుర్తుంచుకోవాలా, కొరడా మేజిస్ట్రేటుగానా?

మెట్టపొలం:
ఆస్ట్రేలియా ఉన్ని మాటెత్తితే అందరూ జాన్ మకార్థర్ పేరే చెబుతారు. శామ్యూల్ మార్స్‌డెన్‌కు రావలసిన పేరు రాలేదని నా గట్టి అభిప్రాయం. 1765లో యార్క్‌షైర్‌లో సామాన్య కుటుంబంలో పుట్టాడు. 1794లో చర్చి గురువుగా, బ్రిటన్ తన ఖైదీలను పంపే సిడ్నీ వలసకు వచ్చి, ఆ దగ్గర్లోని పారమట్టాలో సాగు పట్టాడు. 1807లో తన మంద ఉన్నిని ఇంగ్లండు తీసుకెళ్లి, బట్ట నేయించి, సూటు కుట్టించుకున్నాడు. మూడో జార్జి రాజు ఆ బట్ట చూసి ముచ్చటపడి తన మందలోంచి ఐదు స్పెయిన్ గొర్రెలు ఇచ్చాడు. న్యూజిలాండ్‌లో మొదటి ద్రాక్ష తీగలు 1819లో కెరికెరిలో నాటిందీ ఆయనే. పాదిరిగా ఉంటూనే మేజిస్ట్రేటుగా తీర్పులూ చెప్పాడు; అందులో కఠినుడే, కాదనను. కానీ అప్పట్లో ఇంగ్లండులో చిల్లర దొంగతనాలకే ఉరి వేసేవారు. ఆయన్ని ఆయన కాలాన్ని బట్టే చూడాలి కదండీ?

పాతదస్తావేజు:
మెట్టపొలం గారూ, కాలాన్ని బట్టే చూద్దాం. ఆ కాలంవాళ్లే ఆయన్ని తప్పుపట్టారు కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

1800లో ఐరిష్ ఖైదీలు తిరుగుబాటుకు ఈటెలు దాచారన్న అనుమానం వచ్చింది. మేజిస్ట్రేటుగా మార్స్‌డెన్ గాల్విన్ అనే కుర్రాడికి 300 కొరడా దెబ్బలు వేయించాడు. అది నేరం రుజువయ్యాక వేసిన శిక్ష కాదు, ఈటెలు ఎక్కడున్నాయో చెప్పించడానికి. చిత్రహింసతో నిజం చెప్పించడాన్ని అప్పటి ఇంగ్లీషు చట్టమే ఒప్పుకోదు. గాల్విన్ చివరిదాకా నోరు విప్పలేదు. ఆ దెబ్బలు కళ్లారా చూసిన ఐరిష్ ప్రవాసి జోసెఫ్ హోల్ట్ అదంతా రాసిపెట్టాడు. మార్స్‌డెన్‌కు 'కొరడా పాదిరి' అన్న పేరు మనం పెట్టింది కాదు.

అసలు మెలిక ఆ వలస వ్యవస్థలోనే ఉంది. పొలాల్లో పనిచేసింది శిక్షపడి ఓడల్లో వచ్చిన ఖైదీలు. సర్కారే వాళ్లను ఆసాములకు అప్పగించేది. పని ఎగ్గొట్టాడనో ఎదురు మాట్లాడాడనో ఆసామికి కోపమొస్తే తనంతట తాను కొట్టించకూడదు, మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ మేజిస్ట్రేటు ఎవరు? పక్క పొలం ఆసామి! 1827 నాటికి మార్స్‌డెన్ చేతిలో సర్కారు ఇచ్చిన గ్రాంటు భూమి, కొన్న భూమి కలిపి 5 వేల ఎకరాలకు పైనే. కూలీ భయపడితే లాభపడేవాడే కూలీకి శిక్ష రాస్తుంటే దాన్ని న్యాయం అనగలమా? ఆయన గొర్రెలు, ఆయన తీర్పులు రెండు వేర్వేరు కథలు కావు.

మెట్టపొలం:
ఆసామే తీర్పరి అన్న మాట ఆలోచించాల్సిందే. కానీ ఆ వలసలో చదువుకున్నవాళ్లే తక్కువ. పాదిరిని కాకపోతే ఎవర్ని పెడతారు?

పాతదస్తావేజు:
పెట్టడానికి మనుషులున్నారు. మార్స్‌డెనే వాళ్ల పక్కన కూర్చోనన్నాడు. 1810లో గవర్నరు మక్వారీ ఒక రహదారి ట్రస్టు ఏర్పాటుచేసి, మార్స్‌డెన్‌తో పాటు సైమన్ లార్డ్, ఆండ్రూ థాంప్సన్‌లను వేశాడు. ఇద్దరూ శిక్ష అనుభవించి విడుదలై వ్యాపారంలో ఎదిగినవాళ్లే. 1806 హాక్స్‌బరీ నది వరదల్లో థాంప్సన్ పడవలతో ఎంతోమంది ప్రాణాలు కాపాడాడు. అయినా మాజీ ఖైదీలతో కలిసి పనిచేయడం తన హోదాకు తగదని మార్స్‌డెన్ తప్పుకున్నాడు. పశ్చాత్తాపం గురించి ప్రతి ఆదివారం బోధించే మనిషి! ఆ పట్టుదల చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. 1818లో మక్వారీ ఆయన్ని మేజిస్ట్రేటు పదవి నుంచి తీసేశాడు కూడా.

ఏటిగట్టు:
మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోకండి. మక్వారీని మంచితనానికి కొలబద్ద చేయకండి. 1816 ఏప్రిల్‌లో ఆపిన్ దగ్గర స్థానిక ఆదివాసుల్లో పిల్లలూ ఆడవాళ్లూ సహా కనీసం 14 మందిని చంపింది ఆయన పంపిన సైనికులే. మార్స్‌డెన్‌లో మంచి వైపూ ఉంది. 1809లో ఇంగ్లండు నుంచి తిరిగొచ్చే ఓడలో, దెబ్బలు తిని జబ్బుపడి ఉన్న రువాతారా అనే మావోరీ (న్యూజిలాండ్ మూలవాసి) యువనాయకుడు కనిపిస్తే సేవలు చేయించి, పారమట్టాలో తన దగ్గరే ఉంచుకుని సాగు నేర్పాడు. రువాతారా గోధుమ విత్తనం తీసుకెళ్లి తన నేలలో పండించాడు. ఈ గింజతో రొట్టె అవుతుందంటే అక్కడివాళ్లు నమ్మలేదు. 1814లో మార్స్‌డెన్ తిరగలి పంపాక, పిండి విసిరి రొట్టె కాల్చి చూపిస్తేగానీ నమ్మకం కుదరలేదు. నాకు ఆయన జీవితం మొత్తంలో నచ్చిన ఘట్టం ఇదే.

పాతదస్తావేజు:
మక్వారీ విషయంలో మీ మాటే మాట, ఆయన్ని వెనకేసుకు రాను. రువాతారా ఘట్టం నాకూ ఇష్టమే. అందుకే ఇంకో ప్రశ్న వస్తోంది. మావోరీలను ఇంట్లో పెట్టుకుని విత్తనం ఇచ్చి పంపిన మనిషి, తన పొలం గట్టున ఉన్న దారుగ్ అనే సిడ్నీ ప్రాంత ఆదివాసుల మీద మాత్రం ఆశ వదిలేశాడు, వాళ్లు మారరని తేల్చేశాడు. మావోరీల నేల అప్పటికి మావోరీల చేతిలోనే ఉంది. దారుగ్ నేల మీద ఆయన గొర్రెలు మేస్తున్నాయి. ఆ తేడాకు దీనికి సంబంధం లేదని ఎవరైనా వాదిస్తే వినడానికి సిద్ధం.