పీఎం కిసాన్ అని ఏపీకే ఫైలు, నాన్న నొక్కేశాడు

కోవూరు_కుర్రోడు:
మొన్న మధ్యాహ్నం ఊరి రైతుల వాట్సాప్ గ్రూపులో 'పీఎం కిసాన్' పేరుతో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేది) వచ్చింది. పంపింది పక్క వీధి మామే కదా అని నాన్న ఇన్‌స్టాల్ చేశాడు. రాత్రి రెండు విడతలుగా 38 వేలు పోయాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశాం, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఇప్పుడు ఫోన్ ఏం చేయాలి? బ్యాంకులో ఏం రాసివ్వాలి? అమ్మకి ఇంకా చెప్పలేదు.

రొయ్యల_గుంట:
మామ పంపలేదు తమ్ముడూ. ఆయన ఫోన్‌లోనూ అదే ఎక్కి ఉంటుంది, అదే గ్రూపులన్నిటికీ పంపుతుంది. ముందు ఆయన్ని లేపు.
నా సంగతి విను. ఇందుకూరుపేటలో మూడు గుంటలు నావి. రొయ్యల మేత సగం ధరకని ఒకడికి 25 వేలు అడ్వాన్స్ వేశా. బిల్లు బ్రహ్మాండంగా ఉంది. అడ్రసు నెల్లూరు, జీఎస్టీ నంబరు మాత్రం 36తో మొదలైంది. మన ఆంధ్రాది 37, 36 తెలంగాణది. డబ్బు పోయాక మా ఆడిటర్ చూపించాడు.

మాజీ_క్యాషియర్:
27 ఏళ్లు బ్యాంకులో చేసినవాణ్ని, చెప్పింది వినండి. ఫోన్‌లో నెట్ ఆపి, ఆ ఫైలు, మెసేజీలు ఇంకో ఫోన్‌తో ఫొటోలు తీసుకుని, ఆ తర్వాతే రీసెట్. పిన్‌లు వేరే ఫోన్ నుంచి మార్చాలి. బ్రాంచిలో 1930 నంబరు, స్టేట్‌మెంట్ జతచేసి అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. 2017 ఆర్బీఐ సర్క్యులర్ ప్రకారం మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా పోతే 3 పనిదినాల్లో చెబితే భారం మనది కాదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మనదే, చెప్పాక పోయేది బ్యాంకుది. అందరూ ఆధార్ బయోమెట్రిక్ (వేలిముద్రలు) కూడా లాక్ చేసేయండి.

కొండపి_కోడలు:
ఈ లాక్ సలహా వినే నేను బుక్కయ్యా. మా అత్తది లాక్ చేశా. 1వ తారీఖున 4 వేల పింఛనుకి సచివాలయం అబ్బాయి వస్తే మిషన్ మీద 330 ఎర్రర్. చీర కొంగుతో మూడుసార్లు వేలు తుడిపించాడు. ఊళ్లో పింఛను ఆగింది మా ఇంట్లోనే.

మాజీ_క్యాషియర్:
లాక్ ఉంటే 330 వస్తుంది, మిషన్ తప్పేం లేదు. ఆధార్ యాప్‌లో 10 నిమిషాల పాటు లాక్ తీసుకోవచ్చు. చదువుకున్నవాళ్లు ఈమాత్రం చూసుకోవద్దా?

కొండపి_కోడలు:
చదువు సంగతి మీకెందుకు సార్? అత్తది బటన్ ఫోన్. లాక్ తీసే ఓటీపీ హైదరాబాదులో బావగారికి పోతుంది, ఆయన షిఫ్టులో ఉంటే ఎత్తడు. ఆయన దొరికేసరికి పింఛను అబ్బాయి పక్క వీధిలో ఉన్నాడు. మీ 27 ఏళ్లలో ఏ ముసలామె ఇంటికైనా వెళ్లారా?

మాజీ_క్యాషియర్:
లాక్ లేకుండా వేలిముద్రతో ఎవడో డబ్బు లాగేస్తే అప్పుడూ ఇక్కడికే వస్తారు.

చీమకుర్తి_సెకండ్‌షిఫ్ట్:
మీ వేలి గొడవ ఆపండి. నాకు ముంబై పోలీసని వీడియో కాల్, నా పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ అంట. క్వారీలో డ్రిల్లింగ్ మోత, ఏమీ వినపడదు. 'సార్, గట్టిగా' అని పదిసార్లు అన్నా. 'యూ ఆర్ అరెస్ట్' అని వాడు గొంతు చించుకున్నాడు. చివరికి వాడే పెట్టేశాడు. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలోనే లేదు.

టంగుటూరు_బ్యారన్:
నన్నైతే ఎవడూ మోసం చేయలేడు. పొగాకు వేలంలో ముఖం చూసి బయ్యర్‌ని చదివేవాణ్ని. ఏపీకే నొక్కడమేందసలు, తెలివి ఉండొద్దా?

కోవూరు_కుర్రోడు:
మా నాన్న ఏడో తరగతి. రైతు గ్రూపులో రైతు పథకం పేరుతో వస్తే నమ్మాడు. తెలివి గురించి మాట్లాడేవాళ్లు ఈ థ్రెడ్‌లోకి రాకండి.

రొయ్యల_గుంట:
బ్యారన్ గారూ, రెండేళ్ల కింద చీటీలామె ఎత్తేసిందని ఇక్కడే ఏడ్చింది మీరు కాదా? ఎంత, 2 లక్షలా?

టంగుటూరు_బ్యారన్:
అది వేరే. ఆమె మా వదిన చెల్లెలు.

చీమకుర్తి_సెకండ్‌షిఫ్ట్:
రిజిస్టర్ కాని చీటీయేనా? మా వీధిలోనూ ఒకామె నడుపుతోంది. మా ఆవిడ వేస్తోంది, నా మాట వినదు.

కోవూరు_కుర్రోడు:
అప్‌డేట్. రెండో విడత 21 వేలు ఎవరి ఖాతాలోకో చేరాక హోల్డ్ అయ్యాయట. చేతికి ఎప్పుడొస్తాయో చెప్పలేదు. మామకి ఫోన్ చేశా, ఆయనవీ 9 వేలు పోయాయి, సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఆ విషయం అత్త వచ్చి అమ్మకి చెప్పేసింది. నాన్న సాయంత్రం నుంచి పొలంలోనే ఉన్నాడు.

కొండపి_కోడలు:
ఎల్లుండి 1వ తారీఖు. అత్తది లాక్ తీసేశా. క్యాషియర్ గారు తిట్టుకోవచ్చు.