ఫానీ హెన్సెల్ పాటల్లో కచేరీకి ఏవి బాగుంటాయి?

ఒంగోలు ఆల్టో:
అందరికీ వందనాలు. మా చర్చి క్వయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్లలో కింది స్థాయి గొంతు, పాడతాను. ఫిబ్రవరి కచేరీలో నాకు పావుగంట ఇచ్చారు. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త ఫానీ హెన్సెల్ పాటలు పాడాలని ఉంది. ఆవిడెవరో మా వాళ్లకు తెలియదు. తమ్ముడు ఫెలిక్స్ మెండెల్సన్ మాత్రం బాగా తెలుసు: పెళ్లిళ్లలో కొట్టే వెడ్డింగ్ మార్చ్ ఆయనదే, క్రిస్మస్‌కి పాడే 'దూత పాట పాడుడి' బాణీ కూడా ఆయనదే. అక్క 250 దాకా పాటలు కట్టింది, మన చెవిన ఒక్కటీ పడలేదు. అందులో ఆరు పాటల్ని తమ్ముడు తన ఓపస్ 8, 9 అనే పాటల సంపుటాల్లో సొంత పేరు మీదే అచ్చేశాడు. ఆ ఆరే పాడితే జనం ఆసక్తిగా వింటారేమో?

నెల్లూరు మాష్టారు:
అవి వద్దు తల్లీ. 1842లో విక్టోరియా రాణి ఫెలిక్స్ ఎదుటే వాటిలో 'ఇటాలియెన్' పాడింది, అది మా అక్కదని ఆయన ఒప్పుకోక తప్పలేదు. కథ బ్రహ్మాండం. అందుకే జనం కథను ఇంటికి పట్టుకుపోతారు, పాటను హాల్లోనే వదిలేస్తారు. ఆవిడే ఏరి, తన పేరుతో 1846లో వేయించుకున్న ఓపస్ 1 ఉందిగా! అప్పటికి నలభై నిండాయి, మరుసటి మే నెలలో పోయింది. అందులో మొదటిది జర్మన్ కవి హైనే కవిత. నక్షత్రం రాలుతుంది, ఆపిల్ చెట్టు పూలూ ఆకులూ రాలతాయి, హంస పాడుకుంటూ నీళ్లలో మునిగిపోతుంది. కింద పియానో ఆగకుండా పారుతుంటుంది. గొంతు చించుకున్నావా, చెడినట్టే.

కావలి కీబోర్డు:
మాష్టారి మాట నిజమే గానీ అక్కా, వాయించేవాణ్ణి కూడా కాస్త తలుచుకోండి. చర్చిలో ఉండేది నొక్కుడు బట్టి మోత మారని మామూలు కీబోర్డైతే, ఎంత మెల్లగా నొక్కినా ఒకటే మోత, మీ గొంతు వినపడదు. వెయిటెడ్ కీల (అసలు పియానోలా బరువుగా ఉండే కీల) డిజిటల్ పియానో అద్దెకు తెచ్చుకోండి. స్వరాలను సాగదీసే పెడల్ తొక్కిపట్టి కూర్చునే వాళ్లను మాత్రం పెట్టుకోవద్దు, అంతా కలగాపులగం అయిపోద్ది. స్కోరు (స్వరాలు రాసిన ప్రతి) ఐఎంఎస్‌ఎల్‌పీ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. ఆల్టోకి ఎత్తు ఎక్కువైతే శ్రుతి దించుకోండి, ఎవరూ కేసు పెట్టరు.

ఒంగోలు ఆల్టో:
ఓపస్ 1 డౌన్‌లోడ్ చేశా. మూడు పాటలకు మించి పట్టేలా లేవు. రాణిగారి సంగతి మాత్రం వదలను మాష్టారూ, పాటలయ్యాక చెబుతా. ఇప్పుడు టెన్షనంతా జర్మన్ ఉచ్చారణే. ఒంగోలు, కావలి, నెల్లూరులో ఎక్కడైనా సరే, ఓ రెండు ఆదివారాలు కూర్చోబెట్టి సరిచేసే వాళ్లెవరైనా ఉన్నారా?