యూపీహెచ్‌సీ (పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డబ్బులు కార్పొరేషన్ బడ్జెట్‌లో ఎక్కడుంటాయి? తెలిసినవాళ్లు చెప్పండి, బుర్ర పాడవుతోంది

విసిగిపోయిన_వైజాగ్:
పొద్దున్నుంచీ మన విశాఖ కార్పొరేషన్ బడ్జెట్ పీడీఎఫ్ ముందేసుకుని కూర్చున్నాను. కళ్లు మంటలు పుడుతున్నాయి గానీ కావాల్సింది దొరకడం లేదు. మా దగ్గరున్న హెల్త్ సెంటర్‌కి ఏడాదికి ఎంత వస్తుంది, ఎవరు ఖర్చు పెడుతున్నారు, ఇంతే నాకు కావాల్సింది. ప్రజారోగ్యం అని రాసున్న పద్దులన్నీ కూడితే కోట్లకు కోట్లు తేలుతున్నాయి, మరి అంత డబ్బుంటే మా సెంటర్ గతి ఇలా ఎందుకుంది? వార్డులో అడిగితే అది మా చేతిలో లేదు, పై శాఖది అన్నారు. ఆ శాఖలో అడిగితే బిల్డింగ్ మాది కాదు కదా, వార్డులోనే అడగండి అన్నారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దామనుకుంటున్నా, చేతిలో అంకె లేకుండా వెళ్తే నవ్వుతారు. ఏ పేజీలో ఉంటుందో చెప్తే చాలు.

కంచరపాలెం_కుర్రోడు:
ఆ పుస్తకంలో ఉండదు. ఆర్టీఐ వెయ్యండి.

విసిగిపోయిన_వైజాగ్:
అదేంటండీ, కౌన్సిల్ ఆమోదించే బడ్జెట్‌లో ఆరోగ్యం లెక్క ఉండకపోతే ఇంకెక్కడుంటుంది?

రిటైర్డ్_ఆడిటర్:
బాబూ, ఆ కుర్రాడు ముక్తసరిగా చెప్పాడు గానీ తప్పు చెప్పలేదు. మీరు కూడిన ప్రజారోగ్యం పద్దు ఏమిటో ఒక్కసారి లోపలికెళ్లి చూడండి. కార్పొరేషన్‌లో ఆ పేరుతో ఉండేది పారిశుధ్యం. వీధులు ఊడ్చేవాళ్ల జీతాలు, చెత్త బళ్ల డీజిల్, బ్లీచింగ్, దోమల మందు, ఇలాంటివి. ఇంకో చోట ప్రజారోగ్య ఇంజినీరింగ్ అని కనబడితే అది మంచినీళ్ల పైపులు, డ్రైనేజీ. డాక్టరు, నర్సు, మాత్రలు అందులో రావు. మీరు కూడిన కోట్లలో ఆసుపత్రి వాటా వెతకడం అంటే కిరాణా చీటీలో కరెంటు బిల్లు వెతకడమే.

అర్బన్ హెల్త్ సెంటర్లు నడిచేది జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ డబ్బుతో. 2013లో కేంద్ర కేబినెట్ దాన్ని ఆమోదించింది. కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున పెడతాయి. ఆ డబ్బు రాష్ట్ర ఆరోగ్య సొసైటీకి వచ్చి, అక్కడినుంచి జిల్లా ఆరోగ్య సొసైటీకి దిగుతుంది. దానికి పెద్ద కలెక్టర్ గారు, రోజువారీ చూసేది డీఎంహెచ్ఓ, అంటే జిల్లా వైద్య ఆరోగ్య అధికారి. దారిలో ఎక్కడా కౌన్సిల్ హాలు లేదు. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, హైదరాబాద్, బెంగళూరు, అహ్మదాబాద్, ఈ ఏడు మహానగరాల్లో మాత్రం నగరపాలక సంస్థల ద్వారానే నడపాలని మిషన్ మొదట్లోనే రాసుకున్నారు. మిగతా ఊళ్లలో ఎవరు నడపాలో రాష్ట్రం ఇష్టం. విశాఖ ఆ ఏడులో లేదు.

పౌరహక్కు_మాస్టారు:
అసలు జబ్బు ఇక్కడే ఉందండీ. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. పన్నెండో షెడ్యూల్‌లో ఆరో అంశం ఏమిటి? ప్రజారోగ్యం, పారిశుధ్యం. అంటే రాజ్యాంగమే నగరపాలక సంస్థలకు ఇవ్వదగ్గ పని అని రాసింది. మనవాళ్లు పారిశుధ్యం చీపురు చేతికిచ్చి స్టెతస్కోపు దగ్గర పెట్టుకున్నారు! పైగా 243ఎస్ అధికరణం ప్రకారం మూడు లక్షల జనాభా దాటిన ఊళ్లో వార్డు కమిటీలు ఉండాలి. మీ వార్డు కమిటీ ఎప్పుడు సమావేశమైంది? ఎవరైనా ఒక్కరు చెప్పండి. ముందు ఆ కమిటీల కోసం అడగండి, సెంటర్ సంగతి దానంతటదే తేలుతుంది.

కంచరపాలెం_కుర్రోడు:
మాస్టారూ, ఆయన అడిగింది పేజీ నంబరు.

పౌరహక్కు_మాస్టారు:
పేజీ నంబరుతో దేశం బాగుపడదు నాయనా. ఇంకో మాట వినండి. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో అయిపోయింది. మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలన. ఈ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చింది, సెంటర్లు పెట్టింది, 2016లో ముఖ్యమంత్రి ఆరోగ్య కేంద్రాలని పేరు పెట్టి ప్రైవేటు వాళ్లకు నిర్వహణ అప్పజెప్పింది, అంతా ఆ తొమ్మిదేళ్లలోనే. అడిగే కార్పొరేటర్ ఒక్కడూ లేని రోజుల్లో ఏర్పాటైన వ్యవస్థ ఇది. 2021లో గెలిచి వచ్చినవాళ్లకు అది తమ పని అనిపించకపోవడంలో వింతేముంది?

గాజువాక_నాయుడు:
అది నిజమే. బోర్డు మాత్రం మారతానే ఉంటాది. ముఖ్యమంత్రి ఆరోగ్య కేంద్రం, తర్వాత వైఎస్సార్ అర్బన్ క్లినిక్, ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్. రంగు డబ్బాలకు పెట్టిన ఖర్చు ఏ పద్దులో ఉందో అది చెప్పండి ఆడిటర్ గారూ, ముందు అది కావాలి మాకు.

సీతమ్మధార_గృహిణి:
పారిశుధ్యం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా వీధిలో ఫాగింగ్ ఎప్పుడో వర్షాల ముందు చేశారు, మళ్లీ ఇటు రాలేదు. పక్కింట్లో ఇద్దరికి డెంగీ. దీనికి ఎవరిని అడగాలి? ఇదైనా కార్పొరేషన్ పనేనా, ఇదీ పై శాఖదేనా?

రిటైర్డ్_ఆడిటర్:
అమ్మా, అది కార్పొరేషన్ మలేరియా విభాగం పనే. అయితే ఫాగింగ్ పొగకు ఎగిరే దోమ చస్తుంది గానీ నీళ్లలో ఉన్న పురుగు చావదు. డెంగీ దోమ గెడ్డలో మురుగులో పెట్టదు, మన డాబా మీద డ్రమ్ములో మంచినీళ్లలోనే పెడుతుంది. వారానికోసారి తొట్లు బోర్లించి ఆరబెట్టమని చెప్పేది అందుకే.

సీతమ్మధార_గృహిణి:
మా డ్రమ్ములకు మూతలున్నాయండీ. పక్క ఖాళీ స్థలంలో కొబ్బరి బొండాల గుట్ట ఉంది, దానికి మూత ఎవరు పెడతారు?

విసిగిపోయిన_వైజాగ్:
దయచేసి దోమలు పక్కన పెట్టండి. ఆడిటర్ గారూ, పదిహేనో ఆర్థిక సంఘం డబ్బు స్థానిక సంస్థలకే కదా ఇచ్చారు? అది పేపర్లో నేనే చదివాను. మరి అదెందుకు కనబడదు?

రిటైర్డ్_ఆడిటర్:
మంచి ప్రశ్న. అందులో రెండు రకాలున్నాయి, జనం కలిపేస్తారు. పది లక్షలు దాటిన నగరాలకని ఇచ్చింది ఒకటి, ఆంధ్రలో విశాఖకూ విజయవాడకూ వచ్చింది, అది గాలి నాణ్యతకు, నీటికి, చెత్తకు. మీ పీడీఎఫ్‌లో ఆర్థిక సంఘం పేరు కనబడితే ఎక్కువగా ఇదే అయ్యుంటుంది, సరిచూసుకోండి. రెండోది ఆరోగ్య గ్రాంటు. 2021 నుంచి 2026 దాకా దేశం మొత్తానికి 70,051 కోట్లు, స్థానిక సంస్థల ద్వారా ప్రాథమిక వైద్యానికి అని ప్రత్యేకంగా కేటాయించారు. పట్టణాల్లో వెల్‌నెస్ సెంటర్లు, పరీక్షల సదుపాయాలు అందులోవే. పేరుకు స్థానిక సంస్థల ద్వారా అన్నారు గానీ ప్రణాళిక తయారీలో వైద్యశాఖదే పైచేయి. మాస్టారి ఆవేశానికి ఇక్కడ నా ఓటు కూడా వేస్తాను.

మీకు పేజీయే కావాలంటే కార్పొరేషన్ పుస్తకం మూసేసి, జాతీయ ఆరోగ్య మిషన్ వెబ్‌సైట్‌లో ఆంధ్రప్రదేశ్ రికార్డ్ ఆఫ్ ప్రొసీడింగ్స్ తెరవండి. ఏ పనికి ఎంత ఒప్పుకున్నారో అక్కడ ఉంటుంది. కాకపోతే రాష్ట్రం మొత్తానికి. మీ సెంటర్ పేరు అందులో వెతక్కండి.

తెల్లకోటు:
నేను ఇంకో సెంటర్లో నర్సుగా చేస్తున్నాను, పేరు అడక్కండి. ఎవరూ అడగని మాట అడుగుతున్నా. సార్, మీ సెంటర్లో అసలు లేనిదేమిటి? మందులా, మనుషులా, పైకప్పా? ఒక్కోదానికి ఒక్కో చోటు. పోస్టు మొత్తం చదివాను, అది మాత్రం కనబడలేదు.

మందులైతే డబ్బు రూపంలో మాకు రావు. ఈ-ఔషధి అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఇండెంట్ పెడితే ఏపీఎంఎస్ఐడీసీ (ప్రభుత్వానికి మందులు కొనిపెట్టే సంస్థ) స్టోర్ నుంచి డబ్బాలొస్తాయి. బీపీ మాత్ర స్ట్రిప్పులు నిండుగా ఉన్న వారం నెలకు సరిపడా ఇస్తాం, స్టాక్ అడుగంటిన వారం కత్తెరతో కత్తిరించి పదేసి ఇచ్చి మళ్లీ రమ్మంటాం. అప్పుడు తిట్లు తినేది కౌంటర్ దగ్గర కూర్చున్న మా ఫార్మసిస్ట్ పిల్ల. ఫ్యాన్ పాడైందనో, షుగర్ చూసే స్ట్రిప్పులు అయిపోయాయనో అయితే అన్‌టైడ్ ఫండ్, అంటే ఫలానా దానికే అని కట్టడి లేని డబ్బు, ఉంటుంది. ప్రభుత్వ బిల్డింగ్‌లో ఉన్న సెంటర్‌కి ఏడాదికి లక్షా 75 వేలు, అద్దె ఇంట్లో ఉంటే లక్ష, మిషన్ లెక్క అది. మీది అద్దె బిల్డింగా సొంతదా?

విసిగిపోయిన_వైజాగ్:
సొంతదే. కొత్తగా కట్టింది.

తెల్లకోటు:
అయితే గోడలు, పైకప్పు, నీళ్ల మోటారు లాంటివి జోన్ ఆఫీసులో ఇంజినీర్లను అడగండి. కొత్త బిల్డింగులు చాలావరకు మున్సిపల్ ఇంజినీర్లే కట్టించారు. అన్‌టైడ్ మాత్రం సెంటర్ కమిటీ తీర్మానం చేసి ఖర్చు పెట్టాలి. బస్తీల్లో మహిళా ఆరోగ్య సమితులకు ఏడాదికి ఐదు వేలు విడిగా ఉంటుంది, అది వాళ్ల ఖాతాకే.

గాజువాక_నాయుడు:
లక్షా డెబ్బై ఐదు వేలా! నెలకు పదిహేను వేలు కూడా పడదు కదమ్మా. దాని మీద పర్యవేక్షణకి ఇంత గొడవా?

తెల్లకోటు:
జీతాలు, మందులు అందులో రావు నాయుడు గారూ. ఆ పదిహేను వేలు సరిగ్గా వస్తే మా గదిలో ట్యూబ్‌లైట్ వెలుగుతుంది, అంతే. అది కూడా తక్కువేం కాదు.

పౌరహక్కు_మాస్టారు:
పర్యవేక్షణ అనకండి. కమిటీలో కార్పొరేటర్‌ని కూర్చోబెట్టి టీ ఇచ్చి సంతకం పెట్టించుకుంటే అది పర్యవేక్షణ కాదు. పద్దును ఆపే హక్కు, తగ్గించే హక్కు ఉంటేనే అజమాయిషీ.

రిటైర్డ్_ఆడిటర్:
మాస్టారూ, ముప్ఫై ఏళ్లు లెక్కలు చూసినవాడిగా చెప్తున్నా, సంతకం పెట్టేముందు క్యాష్‌బుక్ ఒక్కసారి తిరగేసినా అది పర్యవేక్షణే. హక్కు లేక కాదు, చదివే ఓపిక లేక జరగడం లేదు. కౌన్సిల్‌లో ఏ సభ్యుడైనా ప్రశ్న వేయొచ్చు, డీఎంహెచ్ఓని వివరం ఇవ్వమని కోరొచ్చు. ఇంకో చిక్కు ఉంది. ఒక్కో సెంటర్ యాభై వేల జనాభాకి ఒకటి లెక్కన పెట్టారు. మనకు 98 వార్డులు. 2011 లెక్కల్లోనే నగర జనాభా 17 లక్షలు దాటింది, అంటే వార్డుకి సగటున ఇరవై వేలు కూడా లేదు. ఒకే సెంటర్ రెండు మూడు వార్డులకు చెందుతుంది. ఇది నాది అని ఏ కార్పొరేటరూ అనుకోడు.

పౌరహక్కు_మాస్టారు:
ఓపిక హక్కు నుంచే వస్తుంది. దీని మీద వేరే పోస్ట్ పెడతాను, అందరూ రావాలి.

కంచరపాలెం_కుర్రోడు:
ఆర్టీఐ అప్లికేషన్‌లో ఇలా రాయండి. ఫలానా సెంటర్, గత ఆర్థిక సంవత్సరం అన్‌టైడ్ ఫండ్ జమ, ఖర్చు, క్యాష్‌బుక్ నకలు, కమిటీ మీటింగ్ తీర్మానాలు, వినియోగ ధ్రువపత్రం. డీఎంహెచ్ఓ ఆఫీసు పౌర సమాచార అధికారికి. పది రూపాయలు. ముప్ఫై రోజులు. మాది కాదంటే సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో వాళ్లే అసలు ఆఫీసుకి పంపాలి, మిమ్మల్ని తిప్పకూడదు.

విసిగిపోయిన_వైజాగ్:
ముప్ఫై రోజులా? సోమవారం అర్జీ అండీ బాబూ. మా సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ లేడు. మిషన్ ఉంది, గదికి తాళం ఉంది, మనిషి లేడు. మా అమ్మకి షుగర్ టెస్టు బయట ల్యాబ్‌లో చేయించుకోవాల్సి వస్తోంది, ప్రతిసారీ ఆటో. ఇంకేం వెతుకుతాను, అందుకే జీతాల డబ్బు ఎక్కడికి పోతోందో చూద్దామని ఆ పుస్తకం పట్టుకున్నా.

కంచరపాలెం_కుర్రోడు:
ఇది మొదటి లైన్‌లో రాయాల్సింది.

తెల్లకోటు:
అయ్యో, దానికి బడ్జెట్ అక్కర్లేదు సార్. ఎల్‌టీ పోస్టులు డీఎంహెచ్ఓ నోటిఫికేషన్ ఇచ్చి కాంట్రాక్ట్‌లోనో ఔట్‌సోర్సింగ్‌లోనో తీసుకుంటారు, జిల్లా సెలెక్షన్ కమిటీ ద్వారా. అర్జీలో అంకెలు వద్దు. ఫలానా సెంటర్లో ఎల్‌టీ పోస్టు ఖాళీ, భర్తీ అయ్యేలోపు పక్క సెంటర్ నుంచి వారానికి రెండు రోజులు డిప్యుటేషన్ వేయండి అని రాయండి. డిప్యుటేషన్ ఆర్డర్ త్వరగా అవుతుంది, మా దగ్గర అలాగే వచ్చాడు. ఈలోగా అమ్మగారికి గ్లూకోమీటర్‌తో ఏఎన్ఎం చూడొచ్చు, వార్డు సచివాలయంలో అడగండి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం వాళ్ల దగ్గర అవదు.

గాజువాక_నాయుడు:
పక్క సెంటర్ నుంచి తెస్తే అక్కడి జనం అర్జీ పెడతారు. అలా తిరుగుతాది.

విసిగిపోయిన_వైజాగ్:
సరే, అలాగే రాస్తా. థ్యాంక్స్ అండి.

సీతమ్మధార_గృహిణి:
ఆ సోమవారం అర్జీల్లోనే ఖాళీ స్థలం బొండాల సంగతి కూడా ఇవ్వొచ్చా, లేక జోన్ ఆఫీసుకా? ఎవరైనా చెప్పండి.

కంచరపాలెం_కుర్రోడు:
జోన్. వేరే పోస్ట్ పెట్టండి.