ఇన్నిసార్లు నిలబడలేనిదాన్ని, ఆపరేషన్ తర్వాత మాత్రం నిలబడతానా?

మువ్వలవానిపాలెం టీచర్:

నాకు 41 ఏళ్లు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెబుతాను. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 108 కిలోలు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 42 దాటింది. ఏడేళ్లుగా షుగరు ఉంది. మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బీఏ1సీ) ఈసారి 8.4 శాతం వచ్చింది. గురక ఎక్కువైందని నిద్ర పరీక్ష చేయిస్తే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు అని తేలింది. రాత్రిళ్లు గాలి అందించే యంత్రం మాస్కు పెట్టుకుని పడుకుంటున్నాను. బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్‌కు వచ్చే నెల మూడో వారంలో తేదీ ఇచ్చారు. ఎండోస్కోపీ, పొట్ట స్కానింగు, గుండె ఎకో, థైరాయిడ్, బీ12, విటమిన్ డీ పరీక్షలన్నీ అయిపోయాయి.

రెండు సిజేరియన్లు అయినదాన్ని, కోతకు భయపడను. నా భయమంతా నా మీదే.

14 ఏళ్లలో నేను తొక్కని దారి లేదు. రాత్రి అన్నం మానేశాను. ఓట్స్ తిన్నాను. పిండి పదార్థాలు దాదాపు మానేసే కీటో పథ్యం నాలుగు నెలలు చేశాను. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేసే వేళ, కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి కురుసుర జలాంతర్గామి దాటేదాకా నడిచేదాన్ని. 2019లో ఐదు నెలల్లో 11 కిలోలు తగ్గాను. మరుసటి ఏడాది 13 పెరిగాను. శ్రీకాకుళం నుంచి ఫోను చేసినప్పుడల్లా అమ్మ అనేది ఒకటే: "నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకోవడం దేనికే?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కట్టుకోలేకపోయాననే కదా ఇంతదాకా వచ్చాను.

ఇంకొకటి చెప్పాలి. బడికి షేర్ ఆటోలో వెళ్తాను. ముగ్గురు కూర్చునే సీటులో నా పక్కన మూడో మనిషి సర్దుకోలేక ఒకరోజు దిగి వెనక ఆటో ఎక్కింది. డ్రైవరు ఏమీ అనలేదు. నేనే దిగేటప్పుడు ఇద్దరి చార్జీ ఇచ్చాను. అలా ఇవ్వడం మొదలుపెట్టి రెండేళ్లయింది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆపరేషన్ తర్వాత జీవితాంతం కొలిచి తినాలి, విటమిన్ మాత్రలు వేసుకోవాలి అంటున్నారు. ఏ నియమమూ నాలుగైదు నెలలు మించి నిలుపుకోలేనిదాన్ని, ఇది నిలుపుకుంటానా? చేయించుకున్నవారు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఈ నెల రోజుల్లో ఏం చేస్తే మంచిదో కూడా చెప్పండి.

గాజువాక షిఫ్టు ఉద్యోగి:

టీచర్ గారూ, నాకు మూడేళ్ల క్రితం ఇదే స్లీవ్ అయింది. 131 కిలోలతో వెళ్లాను. 84 దాకా తగ్గి ఇప్పుడు 90 దగ్గర ఉన్నాను. ఆరు కిలోలు తిరిగి వచ్చిన మాట దాచను.

మీరు అడిగిందే నేనూ మా సర్జన్ గారిని అడిగాను. ఆయన మందుల చీటీ వెనక జీర్ణాశయం బొమ్మ గీసి, పైన ఉబ్బెత్తుగా ఉన్న భాగం మీద అడ్డగీతలు కొట్టారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది అక్కడేనట. పథ్యం చేసి బరువు తగ్గితే ఆ హార్మోను పెరుగుతుంది, ఒంట్లో ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. పోయిన బరువును శరీరమే వెనక్కి లాక్కుంటుంది. మీ 13 కిలోల వెనక ఉన్నది ఇది. స్లీవ్‌లో ఆ పై భాగంతో సహా జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. అందుకని మీరు ఇన్నేళ్లు పోరాడిన ఆకలి, ఆపరేషన్ అయిన మొదటి ఏడాది ఉండే ఆకలి ఒకటి కావు. నాకు ఏడాదిన్నర తర్వాత ఆకలి కొంత తిరిగి వచ్చింది. అప్పటికి అలవాట్లు కుదురుకున్నాయి కాబట్టి ఆరు కిలోలతో ఆగింది. కుదురుకోకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు.

ఆ అలవాట్లు ఇప్పుడే మొదలుపెట్టండి. అన్నానికీ నీళ్లకూ ఎడం పెట్టండి. తిన్నాక అరగంట దాకా నీళ్లు ముట్టుకోకూడదు. ముద్దకో గుక్క తాగే అలవాటు నాది, అన్నిటికన్నా ఇదే కష్టపెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాక చేతిని కంచంలో ఉంచకుండా ఒళ్లో పెట్టుకోండి. నమిలి మింగేదాకా చెయ్యి లేవకూడదు. మా ఆవిడ అటక మీద నుంచి మా అమ్మాయి ఉగ్గు గిన్నె తీసి తోమి ఇచ్చింది. చిన్న వెండి గిన్నె, అంచు ఒకచోట సొట్టపోయి ఉంటుంది. అందులో పట్టినంతే నా భోజనం అని ఆపరేషన్‌కు మూడు వారాల ముందు నుంచే రోజుకు ఒక పూట తిని చూశాను. ఇప్పటికీ పెరుగన్నం అందులోనే.

చివరి రెండు వారాలు కాలేయం తగ్గించే పథ్యం పెడతారు. జీర్ణాశయం మీదికి కాలేయం ఎడమ భాగం వచ్చి ఉంటుంది. కొవ్వు పట్టి పెద్దదైతే దాన్ని పైకి ఎత్తి పని చేయడం డాక్టర్లకు కష్టం. పిండి పదార్థాలు తగ్గిస్తే అది మెత్తబడి చిన్నదవుతుంది. ఈ సంగతి తెలిశాక నాకు పథ్యం పథ్యంలా అనిపించలేదు, ఆపరేషన్‌లో నా వంతు పని అనిపించింది. అయినా తొమ్మిదో రోజు రాత్రి షిఫ్టులో క్యాంటీన్ నుంచి పకోడీల వాసన వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బయటికి వచ్చి మా ఆవిడకు ఫోను చేశాను. "ఇంకా ఐదు రోజులే కదండీ" అంది. మీకూ అలాంటి ఫోను నంబరు ఒకటి ఉండాలి. ఇంట్లో ఎవరికీ తెలియదని రాశారే, ముందు ఆ ఆటో సంగతి ఎవరికైనా చెప్పండి.

కిందటి ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు వెళ్లాను. 32 కిలోమీటర్లూ పూర్తి కాలేదు. హనుమంతవాక, అప్పూఘర్ దాటి మీ ఎంవీపీ కాలనీ దాకా నడిచి ఆగాను. ఈసారి చూడాలి.

పెందుర్తి:

మా అక్కకు ఆరేళ్ల క్రితం అయింది. రెండేళ్లు బాగుంది. తర్వాత చెకప్‌లు మానేసింది, ఐస్‌క్రీములు, తీపి పానీయాలు మొదలయ్యాయి. అవి చిన్న జీర్ణాశయంలోనూ సులువుగా జారిపోతాయి. తగ్గినదాంట్లో సగానికి పైగా తిరిగి వచ్చింది. బీ12 మాత్రలు మానేసినందుకు అరికాళ్లలో తిమ్మిర్లు కూడా వచ్చాయి. మిమ్మల్ని వద్దనడం లేదు. మనసు నిజంగా కుదరకపోతే తేదీ ఒక నెల జరపమని అడగండి, ఎవరూ తప్పు పట్టరు. చేయించుకుంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకండి. మా అక్క సిగ్గుపడి వెళ్లలేదు. ఆ సిగ్గే ఆమెను ముంచింది.

సీతమ్మధార డైటీషియన్:

అమ్మా, అన్నిటికన్నా ముఖ్యమైనది ముందు చెబుతాను. కాలేయం పథ్యం మొదలుపెట్టే ముందు మీ షుగరు మాత్రలు, వాటి మోతాదు డాక్టరుకు చూపించండి. తిండి ఒక్కసారిగా తగ్గించి పాత మోతాదే వేసుకుంటే షుగరు బాగా పడిపోయి కళ్లు తిరగవచ్చు. కొన్నిటిని ఆపరేషన్‌కు ముందు పూర్తిగా ఆపాలి. మీ అంతట మీరు ఆపకండి, కొనసాగించకండి.

ఆపరేషన్ తర్వాత రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే కాబట్టి మొదట్లో పొడి తప్పదు. మూడో నెల నుంచి జుట్టు రాలవచ్చు. చాలామంది అక్కడ బెదిరిపోతారు. పోషణ సరిగా ఉంటే అది ఆగి మళ్లీ వస్తుంది.

ఇక మీ అనుమానం సంగతి. మానసిక నిపుణుల దగ్గరికి పంపుతారు కదా, అక్కడ నెగ్గాలని వెళ్లకండి. ధైర్యంగా ఉన్నట్టు కనిపిస్తే ఆపరేషన్‌కు ఒప్పుకుంటారని కొందరు అన్నీ దాచుకుంటారు. ఇక్కడ రాసినది అక్షరం వదలకుండా అక్కడ చెప్పండి. దిగులుగా ఉన్నప్పుడు తింటారా, రాత్రి నిద్ర లేచి తింటారా అన్నది ముందే తెలిస్తే దానికీ చికిత్స ఉంది.

అక్కయ్యపాలెం:

బీమా గురించి ఒక మాట. బీఎంఐ 40 దాటినా, లేక 35 దాటి అదుపులో లేని షుగరు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా లాంటివి ఉన్నా, డాక్టరు సలహా మీద చేసే ఈ ఆపరేషన్‌ను బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 నాటి మార్గదర్శకాల్లో బీమా వర్తించని చికిత్సల కింద చేర్చలేదు. మీ బీఎంఐ 42 కాబట్టి ఆ మాట మీకూ వర్తిస్తుంది. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఎంతో చూసుకుని, ముందస్తు అనుమతికి ఇప్పుడే కాగితాలు పెట్టండి.

మువ్వలవానిపాలెం టీచర్:

అందరికీ నమస్కారం. ఇన్ని రోజులు జవాబు ఇవ్వనందుకు ఏమీ అనుకోకండి. పథ్యం మొదలై ఈ రోజుకు పన్నెండు రోజులు. షుగరు మాత్రలు డాక్టరు గారు నాలుగింటిని రెండు చేశారు. డైటీషియన్ గారూ, మీరు చెప్పకపోతే పాతవే వేసుకునేదాన్ని.

గాజువాక అన్నయ్య గారూ, మా ఇంట్లో ఉగ్గు గిన్నె లేదు. అమ్మ దగ్గర ఉంటుందని ఫోను చేశాను. దేనికే అంది. చెప్పాను. ఆటో సంగతి కూడా చెప్పేశాను, రెండేళ్లుగా ఇద్దరి చార్జీ ఇస్తున్నానని. అవతల చాలాసేపు మాట లేదు. మూడో రోజు పొద్దున్నే బస్సు దిగి వచ్చింది. చీర కొంగులో చుట్టి నేను పాలు తాగిన ఉగ్గు గిన్నె తెచ్చింది. ఆపరేషన్ మాట ఎత్తలేదు, నోరు కట్టుకోమనీ అనలేదు. ఇప్పుడు రోజూ రైతు బజారుకు తనే వెళ్లి సొరకాయ, ఆకుకూరలు తెస్తోంది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, నా చెయ్యి ఒళ్లోంచి లేస్తే కళ్లతోనే ఆపుతుంది.

నిలుపుకుంటానా అని అడిగితే ఈ రోజుకూ అవునని చెప్పలేను. మానసిక నిపుణురాలికి అదే చెప్పాను. ఆవిడ రాసుకుని, ఆపరేషన్ అయ్యాక కూడా నెలకొకసారి రమ్మన్నారు. పెందుర్తి వారూ, మీ అక్కగారిని తలుచుకుని ఆ తేదీలన్నీ వంటింటి క్యాలెండర్‌లో ఇప్పుడే గుర్తు పెట్టుకున్నాను.

బరువు 104. రేపు ఉదయం మత్తు డాక్టరు గారు చూస్తారు. రాత్రి పెట్టుకునే మాస్కు, యంత్రం వెంట తీసుకురమ్మన్నారు. సంచిలో సర్దాను.