‘సెల్ఫ్ అసెంబ్లీ’కి మంచి తెలుగు మాట?

ప్రశ్న: పెప్టైడ్లు (అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు) వాటంతటవే చేరి పోగులు, గొట్టాలు, జెల్‌గా మారడాన్ని ‘స్వయం సమీకరణ’ అనొచ్చా?

జవాబు: వద్దండి. నిధుల సమీకరణ, భూ సమీకరణ అన్నప్పుడు ఎవరో పూనుకుని పోగుచేస్తారు. ఇక్కడ పోగుచేసేవారే లేరు. తెలుగులో ‘కొను’ ఉండగా ‘స్వయం’ ఎందుకు? కర్త మనిషైతే ‘వండుకున్నాడు’ అంటే తనకోసమని. జడమైతే దానంతటదేనని: తాడు పేనుకుంది, పాలు తోడుకున్నాయి. పెప్టైడ్లు హైడ్రోజన్ బంధాలతో పోగులవడం పేనుకోవడం. ఆ పోగులు చిక్కుపడి నీటిని పట్టి నిలిపితే తోడుకోవడం.

ప్రశ్న: పాల పోలిక నిజంగా నప్పుతుందా అండీ?

జవాబు: పాలలో గడ్డకట్టేది కేసిన్ అనే ప్రోటీన్, ఆ నిర్మాణం వేరు. తోడుకునే తీరు మాత్రం అదే. ఎఫ్‌మాక్-డైఫినైల్‌ఎలనిన్ అనే చిన్న పెప్టైడ్ పొడిని మిల్లీలీటరు నీటికి 5 మిల్లీగ్రాముల చొప్పున వేసి, సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా కలుపుతూ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 10.5కి తెస్తే తేటగా కరుగుతుంది. ఇక పీహెచ్ దించాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే చుక్క పడ్డచోటే తెల్లగా గడ్డకట్టి, పక్కన నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. అచ్చం పాలు విరిగినట్టే. ఆమ్లానికి బదులు గ్లూకోనో డెల్టా లాక్టోన్ పొడి వేయండి. అది నీటిలో మెల్లగా గ్లూకోనిక్ ఆమ్లమవుతుంది కాబట్టి పీహెచ్ అంతటా ఒకేలా దిగి, జెల్ సమంగా వస్తుంది. ఎంత వేయాలన్నది ముందు పోసిన క్షారాన్ని బట్టి. కరిగాక గిన్నె కదపకూడదు, అప్పుడే పుట్టిన పోగులు తెగుతాయి. మెత్తటి టోఫు తోడుకునేదీ ఈ పొడితోనే.

ఇంకొక జవాబు: అన్నీ తోడుకోవు కదండీ. ఆల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమైలాయిడ్ బీటా అనే ప్రోటీన్‌లోని చిన్న ముక్క డైఫినైల్‌ఎలనిన్. దాన్ని ద్రావణిగా వాడే హెక్సాఫ్లోరో ఐసోప్రొపనాల్‌లో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు కరిగించి, నీటితో 2 మిల్లీగ్రాములకు పలచన చేస్తే గొట్టాలవుతుంది. చిక్కటి ద్రావణం ఎప్పటికప్పుడు కొత్తగా చేయాలి, నిల్వదైతే ముందే ముద్దలు కడుతుంది. 2003లో పరిశోధకులు రెచెస్, గాజిట్ ఆ గొట్టాలనే మూసగా వాడి లోపల వెండి తీగ పోతపోశారు, తర్వాత ఎంజైముతో మూసను కరిగించేశారు. దీనికి ‘తోడుకోవడం’ నప్పదు. అన్నిటికీ కలిపి ‘అల్లుకోవడం’ అందాం.

ప్రశ్న: శీర్షికలో ‘పెప్టైడ్ల అల్లిక’ అని పెట్టనా?

జవాబు: ‘అల్లిక’ అనగానే అల్లేవారు గుర్తొస్తారు. వేడుకొను నుంచి వేడుకోలు, మేలుకొను నుంచి మేలుకోలు వచ్చాయిగా, ఆ దారిలో ‘పెప్టైడ్ల అల్లుకోలు’ అనండి.