వార్డు ప్లాన్ సవరణ: పార్కులు, ఫైర్ స్టేషన్ లెక్క ఎలా?

హైదరాబాద్‌లో మా వార్డు ప్లాన్ సవరణకు కాలనీ సంఘాల తరఫున ప్రతిపాదన రాస్తున్నాం. 2014 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 15,000 జనాభాకు ఒక హెక్టారు పార్కు, 2 లక్షలకు ఒక ఫైర్ స్టేషన్, 90,000కు ఒక పోలీస్ స్టేషన్ ఉండాలి. చిక్కంతా జనాభా దగ్గరే. 2011 లెక్కలతో వేస్తే అపార్ట్‌మెంట్లు పెరిగిన వీధుల్లో అవసరం సగానికి సగం తగ్గి కనిపిస్తుంది. కరెంటు మీటర్ల సంఖ్యను సగటు కుటుంబ సభ్యుల సంఖ్యతో గుణించి జనాభా చూపిస్తే అధికారులు ఒప్పుకుంటారా? ఖాళీ ఇళ్లను ఎలా తీసేయాలి?

ఇంకొకటి. ఫైర్ ఇంజన్ తిరగాలంటే 9 మీటర్ల వ్యాసార్ధం కావాలి, పాత గల్లీల్లో అది దొరకదు. అక్కడ పార్కు అంచున నీటి సంపు, హైడ్రెంట్ (మంటలార్పే పైపు తగిలించే నీటి కుళాయి) పెట్టమని అడగవచ్చా? పార్కు స్థలం మాత్రం తగ్గకూడదు. ఇలాంటి ప్రతిపాదన పంపినవారు ఏ పత్రాలు జతచేశారో దయచేసి చెప్పండి.